బాగుంది అంటే చాలదు

మా బాబాయి నరసరావుపేట నుంచి హైదరాబాద్ వచ్చినప్పుడు, పాతబస్తీకి వెళ్లి నహారీ తినిరమ్మని పంపించింది నేనే. "చాలా బాగుంటుంది బాబాయ్, తప్పకుండా తినాలి" అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన తీరిగ్గా స్నానం చేసి, పేపరంతా చదివి, రెండు బస్సులు మారి పదకొండున్నరకు అక్కడికి చేరాడు. నహారీ ఎప్పుడో అయిపోయింది. అవదు మరి? నహార్ అనే అరబ్బీ మాటకు పగలని అర్థం. పొద్దుటి తిండి అని పేరులోనే ఉంది. రాత్రంతా సన్న సెగ మీద మరిగిన పాయా, నాలుక ముక్కల పులుసు తెల్లవారుతూనే గిన్నెల్లోకి దిగుతుంది. పొద్దుటి నమాజు చేసుకుని వచ్చినవాళ్లు, రాత్రి డ్యూటీ దిగినవాళ్లు దాన్ని కుల్చాతో తిని వెళ్లిపోతారు. బాబాయి వెళ్లేసరికి బల్లలు తుడిచి మధ్యాహ్నం బిర్యానీకి సిద్ధం చేస్తున్నారు. పాపం, ఒక చాయ్ తాగి తిరిగొచ్చాడు.

"ఊరించి ఊరించి చెప్పావు గానీ, ఎన్ని గంటలకు వెళ్లాలో చెప్పలేదేంరా?" అన్నాడు.

హోటల్ వాళ్ల తప్పు లేదు. బాబాయి తప్పూ లేదు. నా మాటలోనే సరుకు లేదు.

ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలి, వేదిక మీద ఎలా మాట్లాడాలి అని తెగ ఆలోచిస్తాం. అవి ఏడాదికి నాలుగైదు సార్లు వచ్చే సందర్భాలు. "నిన్న ఎక్కడ తిన్నావు, ఎలా ఉంది?" అన్న ప్రశ్న మాత్రం వారానికి నాలుగైదు సార్లు ఎదురవుతుంది. దానికి మన దగ్గరున్న జవాబులు నాలుగే: బాగుంది, సూపర్, పర్లేదు, వేస్ట్. హైదరాబాద్‌ను 2019లో యునెస్కో తన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది, అదీ ఆహార విభాగంలో. అలాంటి ఊళ్లో ఉంటూ నాలుగు మాటలతో కాలక్షేపం చేస్తున్నాం.

ఇక్కడ హోటళ్ల జాతకాలు రాసే పండితుడిగా మారమని చెప్పడం లేదు. తిన్నది తిన్నట్టు, సరదాగా, అవతలివాడికి పనికొచ్చేలా చెప్పడం వస్తే చాలు. అది వచ్చినవాడికి ఆఫీసులో రిపోర్టు రాయడం, డాక్టరు దగ్గర నొప్పి ఎక్కడో చెప్పడం కూడా సులువవుతాయని నా నమ్మకం. మీరు నమ్మకపోయినా నష్టం లేదు. మీ స్నేహితులు మంచి చోట తింటారు, అది చాలు.

ఒకే హండీ, రెండు తీర్పులు

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక ఆదివారం ముగ్గురం బిర్యానీ తిన్నాం. బయటికొచ్చాక ఒకడు చప్పగా ఉందన్నాడు, ఇంకొకడు కళ్లలో నీళ్లు తిరిగాయన్నాడు. చిక్కడపల్లి దాకా వాదించుకుంటూ నడిచారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని వంటింట్లో నిలబడి చూసినవాడికి తెలుస్తుంది.

హైదరాబాద్ కచ్చి బిర్యానీలో మాంసం ముందుగా ఉడకదు. పెరుగు, పచ్చి బొప్పాయి, అల్లం వెల్లుల్లి, కారం, వేయించిన ఉల్లిపాయలు పట్టించి నానబెట్టిన పచ్చి మాంసం హండీ అడుగున పరుస్తారు. దాని మీద సగం ఉడికిన బియ్యం పొరలు పొరలుగా వేస్తారు. మూత చుట్టూ పిండి ముద్ద అంటించి ఆవిరి బయటకు పోకుండా దమ్ పెడతారు. కింద మాంసం, పైన బియ్యం ఒకే సమయానికి తయారవ్వాలి. పనితనమంతా అక్కడే ఉంది. మూత తీస్తే పైన తెల్లటి మెతుకులు, మధ్యలో పసుపు రంగు, అడుగున మసాలా పట్టిన ముద్ద కనిపిస్తాయి. వడ్డించేవాడు పక్క నుంచి నిలువుగా దించి తీస్తే అన్ని పొరలూ ప్లేటులోకి వస్తాయి. రద్దీ ఎక్కువై పైపైన తోడితే, మొదటి ప్లేటుకు తెల్లన్నం, చివరి ప్లేటుకు మసాలా దక్కుతాయి. మా వాళ్లిద్దరూ తిన్నది ఒకే హండీ, కానీ రెండు వేర్వేరు లోతులు.

అందుకే "ఫలానా హోటల్లో బిర్యానీ చప్పన" అనే బదులు, "నాకు పై అన్నం ఎక్కువ పడింది, మసాలా తక్కువ తగిలింది" అని చూడండి. వినేవాడికి దీంతో ఒక పని దొరుకుతుంది. వెళ్లినప్పుడు "కాస్త అడుగు నుంచి వెయ్యి భాయ్" అని అడుగుతాడు. మొదటి వాక్యంతో అతను ఆ హోటల్‌కు వెళ్లడమే మానేస్తాడు.

ఇరానీ చాయ్ సంగతీ ఇంతే. డికాక్షన్ ఒక పాత్రలో, మరిగి చిక్కబడిన పాలు ఇంకో పాత్రలో ఉంటాయి. రెండూ కలిసేది మీ కప్పులోనే, అదీ కలిపేవాడి చేతివాటం మీద. పొద్దున్న తాగిన చాయ్, సాయంత్రం తాగిన చాయ్ ఒకేలా ఉండాలన్న పూచీ ఏమీ లేదు. మీరు తీర్పు చెప్పగలిగింది ఆ పూట మీ ముందుకొచ్చిన కప్పు మీదే. హోటల్ మొత్తం మీద తీర్పు చెప్పాలంటే మూడుసార్లయినా, వేర్వేరు వేళల్లో వెళ్లాలి.

మీ నాలుకది ఏ ఊరు?

నాది పల్నాడు నాలుక. అంటే నేను "కారం సమంగా ఉంది" అంటే మిగతా ప్రపంచం మంచినీళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మా ఆఫీసులో మైసూరు నుంచి వచ్చిన ఒకాయన నా మాట నమ్మి పండుమిర్చి పచ్చడి కలుపుకుని, ఆ మధ్యాహ్నమంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

మరి నా వైపు నుంచి జరిగిన అన్యాయాలూ ఉన్నాయి. ఉడిపి పద్ధతి హోటల్లో సాంబారు తిని "ఛీ, తియ్యగా ఉంది" అని ఊరంతా చెప్పుకొచ్చాను. వాళ్ల సాంబారులో బెల్లం పడుతుంది, అది వాళ్ల తీరు. అది తప్పని చెప్పడం, తెనాలివాణ్ణి పట్టుకుని నీకు కన్నడం సరిగ్గా రాదనడం లాంటిది. జొన్నరొట్టె గట్టిగా ఉందని, రాగి సంగటి నమలడానికి ఏమీ లేదని ఫిర్యాదు చేసేవాళ్లను చూశాను. సంగటిని నాటుకోడి పులుసులో ముంచి మింగాలి, నమలకూడదు. ఆ మాట వాళ్లకు ఎవరూ చెప్పలేదంతే.

కాబట్టి అభిప్రాయం చెప్పే ముందు చిరునామా చెప్పండి. "మాది గుంటూరు వైపు, నాకు కారం చాలలేదు." "నేను ఇంట్లో నూనె తక్కువ తింటాను, నాకు జిడ్డుగా అనిపించింది." అప్పుడు వినేవాడు తన లెక్క తను వేసుకుంటాడు. "మా అమ్మ చేసినట్టు లేదు" అన్న మాట మాత్రం దయచేసి వాడొద్దు. వందమందికి వండేవాడు మీ అమ్మతో పోటీకి రాలేదు.

మాటలు మన దగ్గరే ఉన్నాయి

"టేస్ట్ ఏదో తేడాగా ఉంది" అంటారు చాలామంది. ఏమిటా తేడా? మన నానమ్మల దగ్గర దానికి పది మాటలున్నాయి. అన్నం పలుకుగా ఉందా, ముద్దకట్టిందా? పప్పు మాడు వాసన వచ్చిందా? కూరలో మసాలా పచ్చివాసన పోలేదా? వంకాయ కనరెక్కిందా, వగరుగా ఉందా? చేప నీచు వాసన వేసిందా? పిండి పులిసి దోసె పుల్లగా వచ్చిందా? గారె పైకి కరకరలాడుతూ లోపల పిండిపిండిగా ఉందా? పూరీ తిన్నాక గొంతులో గరగరలాడిందా? ఇందులో ప్రతి మాటా ఒక కారణాన్ని చూపిస్తుంది. పలుకంటే ఉడకడం తగ్గింది, మాడంటే అడుగున సెగ ఎక్కువైంది, గొంతు పట్టేసిందంటే నూనె మీద అనుమానం రావాలి. ఈ మాటలు వాడుతున్నకొద్దీ నాలుకకు కూడా పదును పెరుగుతుంది. పేరు తెలియని రుచిని నాలుక పట్టించుకోదు.

మెచ్చుకోవడానికీ మాటలు కావాలి. "సూపర్" అంటే ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. "ఇడ్లీ తుంచితే ఆవిరి వచ్చింది, అల్లం పచ్చడిలో బెల్లం చివర్లో తగిలింది" అంటే నాకు నోరూరుతుంది.

ఆకలి, జేబు, వయసు

ఆకలి రుచి ఎరుగదంటారు. మధ్యాహ్నం మూడింటి దాకా ఏమీ తినకుండా ఉండి, దొరికిన చోట తిన్న భోజనం అమృతంలా ఉంటుంది. దాని గురించి చెప్పేటప్పుడు ఆ మూడింటి సంగతి కూడా చెప్పండి. ఇంకొకరు బిల్లు కట్టిన భోజనం రుచి ఎక్కువ. గొడవపడుతూ తిన్న భోజనం రుచి తక్కువ. వీటి గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

"ఒకప్పటిలా లేదు" అన్న మాట దగ్గర మాత్రం ఆగాలి. 1998లో నేను అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకునేవాణ్ణి. నెలాఖరున డబ్బులు మిగిలితే నలుగురం కలిసి సికింద్రాబాద్ వెళ్లి రెండు బిర్యానీలు నాలుగు ప్లేట్లలో పంచుకునేవాళ్లం. మెతుకు మిగిలేది కాదు. ఇరవై ఏళ్ల తర్వాత అదే బల్ల దగ్గర కూర్చుని, ఒక్కణ్ణే ఒక ప్లేటు తెప్పించుకుని, సగం తిని, "క్వాలిటీ పడిపోయింది" అన్నాను. పడిపోయి ఉండొచ్చు. కానీ అప్పటి నాకు ఇరవై రెండేళ్లు, నెలంతా నీళ్ల సాంబారు తిన్న నాలుక. ఇప్పుడు నా కడుపులో అసిడిటీ మాత్ర ఉంది. ఎవరు మారారో తేల్చి చెప్పే స్థితిలో నేను లేను. అందుకే నేను ఆ మాట మానేశాను. "చివరిసారి తిన్నది ఎప్పుడో, అప్పటికన్నా ఇప్పుడు అన్నంలో నెయ్యి వాసన తక్కువ తెలిసింది" అని మాత్రం అంటాను.

పార్సిల్ తిని హోటల్ మీద తీర్పు చెప్పడం ఇంకో అలవాటు. హలీమ్ చూడండి. గోధుమలు, మాంసం, పప్పులు గంటల తరబడి ఉడికించి, కర్ర ఘోట్నీలతో దంచి దంచి ఒక్కటి చేస్తారు. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రంజాన్ సాయంత్రం భట్టీ పక్కనే నిలబడి, పైన వేయించిన ఉల్లిపాయలు చల్లించుకుని, నిమ్మకాయ పిండుకుని, పొగలు కక్కుతుండగా తింటే అది జిగురుగా చెంచా వెంట సాగుతుంది. అదే డబ్బాలో ఎల్బీనగర్ దాకా ట్రాఫిక్‌లో తెచ్చుకుంటే గట్టిపడి, నెయ్యి పేరుకుని, వేరే పదార్థమైపోతుంది. "ఇంటికి తెప్పించుకుని తిన్నాను" అన్న మూడు మాటలు చేర్చండి, న్యాయం జరుగుతుంది.

అంత దూరం వెళ్లొచ్చా?

పెద్ద ఊళ్లో అసలు ప్రశ్న ఇదే. ఉప్పల్లో ఉన్నవాడికి టోలీచౌకీ హోటల్ గురించి చెబితే, రుచికన్నా ముందు వాడి కళ్ల ముందు మెహదీపట్నం ట్రాఫిక్ కదులుతుంది. ఫ్రాన్స్‌లో మిషెలిన్ అనే టైర్ల కంపెనీ 1900లో కార్లున్నవాళ్ల కోసం ఒక గైడు పుస్తకం వేసింది. తర్వాతి కాలంలో వాళ్లు హోటళ్లకు ఇచ్చిన నక్షత్రాల అర్థం కూడా ప్రయాణం లెక్కే: ఒకటైతే దారిలో ఆగొచ్చు, రెండైతే దారి మళ్లించొచ్చు, మూడైతే దానికోసమే బయల్దేరొచ్చు. టైర్లు అరిగితేనే కదా వాళ్ల వ్యాపారం! ఉద్దేశం ఏదైనా ఆ లెక్క మనకు బాగా పనికొస్తుంది. నేను దాన్ని మన ఊరికి దించి, "పనిగట్టుకుని వెళ్లు", "అటు వెళ్తే తిను", "పక్క సందులో ఉన్నా పర్లేదు, మానెయ్" అని చెబుతుంటాను. పదికి నాలుగు మార్కులా ఆరు మార్కులా అని తర్జనభర్జన పడేకన్నా ఇది హాయి.

దీనికి ధర జత చేయాలి. ఎంతయింది, ఎంతమందికి సరిపోయింది చెప్పండి. రెండూ కలిపి చెబితేనే అర్థం. సర్వీస్ ఛార్జీ వేశారా అన్నదీ చెప్పదగిన సంగతే. దాన్ని అడక్కుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో నిబంధన పెట్టింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగొచ్చు, అడిగి తీయించుకున్నానని స్నేహితులకూ చెప్పొచ్చు.

చూసింది వేరు, ఊహించింది వేరు

ఒక చిన్న టిఫిన్ సెంటర్లో ఓరోజు సాంబారు ఉప్పుకషాయంలా ఉంది. నేను లేచి వెళ్లిపోబోతూ, ఎందుకో ఆగి కౌంటర్లో ఉన్న పెద్దాయనతో "ఇవాళ సాంబారులో ఉప్పు చూశారా?" అన్నాను. ఆయన అరచేతిలో చెంచాడు పోయించుకుని చప్పరించి, మొహం చిట్లించి, లోపలికి చూస్తూ "ఒరేయ్, ఇద్దరూ వేశార్రా!" అని అరిచాడు. మాస్టరు ఊరెళ్లాడట, ఇద్దరు కుర్రాళ్లు చెరోసారి ఉప్పేశారు. నాకు ఇంకో ప్లేటు వచ్చింది, ఈసారి సాంబారు లేకుండా. ఆ వేళ నేను నోరు మూసుకుని వెళ్లి ఆఫీసులో పదిమందికి "అక్కడ తినకండి" అని చెప్పి ఉంటే, అది ఒక పూట ఉప్పుకు వేసిన జీవిత ఖైదు అయ్యేది. ముందు అక్కడే చెప్పండి. గొంతు పెంచకుండా, పక్క బల్లకు వినపడకుండా చెప్పండి.

బయట చెప్పేటప్పుడు మీరు అనుభవించింది చెప్పండి, దాని వెనక కథ అల్లకండి. "ముక్క వాసన వచ్చింది" మీ అనుభవం. "పాత మాంసం వాడుతున్నారు" మీ ఊహ. మొదటిదాన్ని ఎక్కడైనా చెప్పొచ్చు. రెండోది రుజువు లేకుండా చెబితే నోరు జారినట్టే.

కడుపు చెడినప్పుడు ఈ జాగ్రత్త ఇంకా కావాలి. మనం ఎప్పుడూ ఆఖరున తిన్న హోటల్‌నే తిడతాం. కొన్ని క్రిములు కొన్ని గంటల్లోనే బయటపడతాయి, కొన్నింటికి ఒకట్రెండు రోజులు పడుతుంది. నేరం మొన్నటి పెళ్లి భోజనానిది కావచ్చు, మన ఫ్రిజ్‌లోని పెరుగుదీ కావచ్చు. అలాగని ఊరుకోమని కాదు. 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించిందంటే, తిన్నవాళ్లు అస్వస్థులై ఆ విషయం అధికారుల దాకా వెళ్లబట్టే. కలిసి తిన్న నలుగురికీ ఒకేలా అయితే బిల్లు దాచండి. దాని మీద 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు నంబరు ఉంటుంది. ఆ నంబరుతో ఆహార భద్రతాధికారికి ఫిర్యాదు చేయండి. అది కబుర్లలో తేల్చే విషయం కాదు.

జేబులో చిన్న పుస్తకం

నా జేబులో ఒక చిన్న నోటుబుక్కు ఉంటుంది. ఒక్కో భోజనానికి రెండు లైన్లు, అంతకు మించి రాయను. మచ్చుకు: "శనివారం, ఎనిమిదిన్నర. మా ఆఫీసు వెనక బండి. పెసరట్టు పల్చన, అంచు కరకర, మధ్యలో ఉప్మా చల్లారింది. అరవై రూపాయలు. నిలబడే తిన్నా. అటు వెళ్తే తిను." నెల తిరిగేసరికి నాకే ఒక సంగతి తెలిసింది. నేను మెచ్చుకున్నవన్నీ పొద్దుటి పూట తిన్నవి, తిట్టినవన్నీ రాత్రి తొమ్మిది దాటాక తిన్నవి. ఆలస్యంగా ఇల్లు చేరే రోజుల చిరాకు హోటళ్ల మీద రాసిపెట్టానన్నమాట. మీరూ ఒక నెల రాసి చూడండి, మీ రంగు బయటపడుతుంది.

ఎదుటివాళ్లు చెప్పేటప్పుడు వినడం కూడా ఇందులో సగం పని. మీకు నచ్చిన చోటు వాళ్లకు నచ్చలేదంటే, పుర్రెకో బుద్ధి జిహ్వకో రుచి అని తలుపు మూసేయకండి. "ఏం తిన్నారు? ఎన్నింటికి?" అని అడగండి. చాలాసార్లు తేడా అక్కడే దొరుకుతుంది.

బాబాయి పోయిన నెల మళ్లీ వచ్చాడు. ఈసారి వేళ చెప్పి పంపాను. ఏడుంబావుకు ఫోన్ చేశాడు. "ఆరున్నరకు వచ్చానురా. కుల్చా వేడివేడిగా ఇచ్చారు. పులుసు చిక్కగా ఉంది, వేళ్లు అంటుకుంటున్నాయి. నాలుక ముక్క వెన్నలా ఉంది గానీ, పాయా చీకడం నా కట్టుడు పళ్ల వల్ల కాలేదు. కారం మనకు చాలదు, నిమ్మకాయ అడిగి పిండుకో. ఏడు దాటితే కూర్చునే చోటుండదు. మీ పిన్నికి నచ్చదు, నీకు నచ్చుతుంది. పనిగట్టుకుని రావచ్చు."

ధర ఒక్కటే చెప్పడం మర్చిపోయాడు.